రచయిత స్వరాన్ని చెప్పడానికి 'వ్యంగ్యం' ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న:
కథలపై సమీక్ష రాసేటప్పుడు రచయిత స్వరం దగ్గరకు వచ్చేసరికి నాకు 'వ్యంగ్యం', 'ఆర్ద్రత' అనే రెండు మాటలే తడుతున్నాయి. 'అధ్యక్షులవారు పుస్తకం చదవలేదు గాని, దాని గురించి గంటసేపు చక్కగా మాట్లాడారు' అన్న వాక్యాన్ని వ్యంగ్యమనాలా, వెటకారమనాలా, అధిక్షేపమనాలా?

మొదటి జవాబు:
వ్యంగ్యమంటే నిజానికి సూచనగా అందే అర్థం. 9వ శతాబ్దంలో ఆలంకారికుడు, అంటే కావ్యశాస్త్రజ్ఞుడు, ఆనందవర్ధనుడు ధ్వనిని (మాటల వెనుక స్ఫురించే అర్థాన్ని) వివరించినప్పుడు అందులో ఎగతాళి ఉండి తీరాలన్న నియమం లేదు. ఆ వాసన ఈ మాటకు మన వాడుకలో అంటుకున్నది. కాబట్టి అది చెప్పే పద్ధతికి పేరే గాని, చెప్పేవాడి మనసుకు పేరు కాదు. మనసు తెలియాలంటే పక్కన మరో మాట కావాలి. ఎదుటివాడిని చిన్నబుచ్చి ఆనందించేది వెటకారం. తప్పును కోపంతో నిలదీసేది అధిక్షేపం. పాత తప్పును తవ్వి తీసేది దెప్పిపొడుపు. నిష్ఠూరం వీటన్నిటికీ భిన్నం, అది మనవాళ్లనుకున్నవారి మీదే పుడుతుంది. మీ వాక్యంలో కీలకం 'చక్కగా' అన్న మాట. దాన్ని తీసేస్తే పరిహాసం సగం ఆరిపోతుంది.

రెండో జవాబు:
పెద్ద మాటలకన్నా ముందు చిన్న ప్రత్యయాలను, చిన్న మాటలను చూడండి. 'ఆయన పండితుడు' అన్నది ప్రకటన. 'ఆయన పండితుడట' అన్నప్పుడు కథకుడు ఆ మాట పూచీని లోకం మీదకు నెట్టేశాడు. 'ఆయన మహా పండితుడు లెండి' అన్నప్పుడు నమ్మకం పూర్తిగా పోయింది. గొంతు మార్పుతో అర్థం మారడాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. కాగితం మీద గొంతు వినిపించదు కనుక ఆ పని 'అట', 'లెండి', 'పాపం' వంటివి చేస్తాయి.

మూడో జవాబు:
రచయిత స్వరాన్ని, పాఠకుడికి కలిగే అనుభూతిని కలిపేయకండి. ఒక మరణాన్ని పొడిపొడి వాక్యాలలో చెబితే స్వరం నిర్లిప్తం, మనకు కలిగేది కరుణ. ఇక్కడ తటస్థతతోనూ పొరబడే ప్రమాదం ఉంది: తటస్థుడు ఒడ్డున నిలబడినవాడు, నిర్లిప్తుడు తామరాకులా నీటిలోనే ఉండి తడి అంటనివాడు. ఉదాసీనుడికి అసలు పట్టింపే లేదు, అటువంటివాడు కథ ఎందుకు రాస్తాడో నాకు అర్థం కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆ వాక్యానికి 'మర్యాద ముసుగు వేసుకున్న పరిహాసం' అని రాస్తున్నాను. అధిక్షేపమనడానికి అందులో కోపం చాలదు; వెటకారమందామంటే ఆ 'అధ్యక్షులవారు' అన్న పిలుపులో కాస్త ముద్దు కూడా వినిపిస్తోంది.