అరవై దాటిన ఆడవాళ్లకు కోలాటం: కోపులు ఎలా మార్చాలి, ఎంతసేపు ఆడించాలి?

ప్రశ్న – కావలి కోలాటం

మా ఊళ్లో రామాలయం ముందు సిమెంటు చప్టా మీద సాయంత్రాలు కోలాటం ఆడిస్తున్నాం. ఇప్పుడు 60 నుంచి 75 ఏళ్ల లోపు ఆడవాళ్లు 12 మంది చేరతామంటున్నారు. ఉత్సవాల్లో ఆడటానికి కాదు, ఒళ్లు కదలాలని. దాదాపు అందరికీ షుగరో బీపీయో ఉంది. నలుగురికి మోకాళ్లు అరిగాయి. ఏ కోపులు (అడుగుల వరసలు) మానాలి, ఏవి మార్చాలి, వారానికి ఎన్ని రోజులు పెట్టాలి? "రోజూ నడుస్తూనే ఉన్నాం కదా, ఇది కొత్తగా ఏం చేస్తుంది?" అని కూడా అడుగుతున్నారు.

జవాబు – నెల్లూరు ఫిజియో

ముందు మీ చివరి ప్రశ్న. నడక గుండెకూ షుగరుకూ మంచిదే, కానీ అందులో అడుగు ముందుకే పడుతుంది. పెద్దవాళ్లు తూలేది ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి సరిగ్గా మార్చుకోలేనప్పుడు. వెనక నుంచి ఎవరో పిలిస్తే చటుక్కున తిరగబోతారు, బాత్రూంలో పక్కకు అడుగు వేయబోతారు. కోలాటంలో పక్క అడుగు, వెనకడుగు, దిశ మారడం వందసార్లు వస్తాయి. పక్క అడుగుకు పనిచేసే తుంటి కండరానికి మామూలు నడకలో అంత పని ఉండదు. పైగా పాట వినాలి, కోల తగిలించాలి, తర్వాతి అడుగు గుర్తుంచుకోవాలి, అన్నీ ఒకేసారి.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. శారీరక వ్యాపకాల్లో డాన్సు చేసేవాళ్లలోనే మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించింది. డాన్సు వల్లే తగ్గిందని దాన్నిబట్టి తేల్చలేం, ఒళ్లూ బుద్ధీ బాగున్నవాళ్లే ఆడటానికి వస్తారు కాబట్టి. మీవాళ్లకు జబ్బు రాదని మాత్రం మాట ఇవ్వకండి. కాలి పట్టు, తూకం (తూలకుండా నిలదొక్కుకోవడం) మెరుగవుతాయని ధైర్యంగా చెప్పవచ్చు, అదీ రెండు మూడు నెలలు మానకుండా వస్తేనే.

65 దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, అందులో మూడు రోజులు తూకం, బలం పెంచే కసరత్తు. కాబట్టి వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు 45 నిమిషాలు పెట్టండి. మిగతా రోజులు నడక మానవద్దు. ఆ 45లో మొదటి 10 నిమిషాలు కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తి దించడం, మోకాలు చాచడం, తర్వాత నిలబడి ఉన్నచోటే అడుగులు. ఆట 25 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు ఆగాలి. చివరి 10 నిమిషాలు నెమ్మది నడక. ఆడుతూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అదే సరైన జోరు. నాడి లెక్క పెట్టుకోకండి, మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లలో అది పెరగాల్సినంత పెరగదు.

చేర్చుకునే రోజు ఒక పరీక్ష చేయండి. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు పడితే, అంతకు మించినా, వాళ్లను వలయంలో దించకండి. గోడకు ఆనించిన కుర్చీ పట్టుకుని అవే అడుగులు వేయించండి. ఆనించకపోతే ప్లాస్టిక్ కుర్చీ సిమెంటు మీద జారుతుంది.

జవాబు – కందుకూరు మాస్టరు

కోపుల సంగతి నేను చెబుతాను. కూర్చుని లేచేవి, ఎగిరేవి, వంగి నేలకు కోల తాకించేవి పూర్తిగా మానేయండి. ఎముకలు గుల్లబారిన వెన్నుకు వంగి మెలితిరగడం చాలా చేటు.

మోకాలికి అసలు దెబ్బ తిరగడంలో ఉంది. ఉద్దిని (జతగా ఆడే మనిషిని) దాటి వెనక్కి మళ్లేటప్పుడు వయసులో ఉన్నవాళ్లు ఒక కాలి మీదే గిర్రున తిరుగుతారు. చెమట పట్టిన ఉత్తకాలు సిమెంటును పట్టేసుకుంటుంది, పాదం తిరగదు, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మెలిక మోకాలికి పడుతుంది. అందుకని సగం చుట్టు తిరగడానికి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని నాలుగు చిన్న అడుగులు నేర్పండి. నాలుగు తాళం దెబ్బల్లో తిరగాలి, ఆ నాలుగు దెబ్బలూ కోల తగిలించకూడదు. నేర్చుకునేదాకా విసుగ్గా ఉంటుంది, అయినా సడలించకండి.

మొదటి రెండు వారాలు కోలలే ఇవ్వకండి. సంక్రాంతికి గొబ్బి తట్టిన చేతులే కదా, చప్పట్లతో మొదలుపెట్టండి. కుడికాలు పక్కకు, ఎడమకాలు చేర్చు, కుడికాలు పక్కకు, ఎడమ మునివేళ్లు తాకించు. మళ్లీ ఎడమవైపు. ఇది కుదిరాక వెనకడుగు, ఆ తర్వాతే కోలలు. చేతులు భుజం ఎత్తు దాటనివ్వకండి. జంటకూ జంటకూ మధ్య రెండు చేతులూ చాచినంత జాగా ఉండాలి.

ఎక్కువ బృందాల్లో తప్పు జరిగేది చివర్లో. ముగింపుకు వస్తూ పాట ఊపందుకుంటుంది, తాళం వేసేవాళ్లు లాగేస్తారు, అలసిన కాళ్లు తడబడతాయి. నిమిషానికి 90 దెబ్బలతో మొదలుపెట్టి అక్కడే ముగించండి. ఫోనులో తాళం ఆప్ పెట్టుకుంటే జోరు తెలియకుండా పెరగదు. అలాగని ఒకే కోపు నెలలు ఆడించకండి. అది చేతికొచ్చాక దిశో ఉద్దినో మార్చండి, వేగం మాత్రం పెంచకండి. బుర్రకు పని పడేది అక్కడే. ఇంకోటి, కళ్లాపి చల్లిన చప్టా పూర్తిగా ఆరాకే దిగాలి.

కావలి కోలాటం

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు. గుడి ముందు కాబట్టి చెప్పులు వేసుకోం అంటున్నారు. ఒకామెకు ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. కనిగిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇద్దరికి నడుము, మెడ బిగుసుకుని ఉన్నాయి.

జవాబు – ఒంగోలు డాక్టరు

షుగరు ఉన్నవాళ్లను ఉత్తకాళ్లతో ఆడించకండి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా, గులకరాయి గుచ్చుకున్నా తెలియదు. ఎండాకాలం సిమెంటు పొద్దుగూకాక కూడా కాలుతూ ఉంటుంది. ఆటను గుడి ఆవరణ బయటికి, బడి వరండాకో ఆవరణకో మార్చండి, పలుచని అట్ట ఉన్న కాన్వాస్ బూట్లు వేయించండి. ఇంటికెళ్లాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోమనండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉదయం ఆరున్నర లోపే ముగించడం మంచిది.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ వాడేవాళ్లు ఆటకు ముందు షుగరు చూసుకోవాలి. 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తిని, కాసేపాగి దిగాలి. మధ్యలో వణుకు, చెమటలు, తడబాటు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలు కూర్చోబెట్టండి. ప్రసాదం లడ్డు పెట్టకండి, అందులోని నెయ్యి వల్ల చక్కెర ఒంట్లోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఛాతీ పట్టేసినా, ఎడమచెయ్యి లాగినా అంతే. బీపీ 180/110 దాటిన రోజు ఆట వద్దు. ఆట ఆపాక ఉన్నట్టుండి నిలబడిపోతే బీపీ మాత్రలు వాడేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. చివరి 10 నిమిషాల నడక అందుకే.

మోకాళ్లవాళ్లకు ఒక లెక్క: నొప్పి రెండు గంటల్లో సర్దుకుంటే సరే. మర్నాటి పొద్దునకూ ఎక్కువగానే ఉంటే తర్వాతిసారి సగంసేపే ఆడించండి.

ఆపరేషన్ అయినావిడ కంటి డాక్టరు సరేననేదాకా ఆగాలి. తర్వాత కూడా కొన్నాళ్లు చప్పట్లే, కోలలు వద్దు.

కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్ల సంగతి వేరు. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వెన్నుపూసలను పట్టి ఉంచే కట్లు (లిగమెంట్లు) ఎముకలా గట్టిపడతాయి. లాగితే, వంచితే అవి సాగవు. ముందు ఎక్స్‌రే తీయించండి. కాళ్లలో తిమ్మిరి గానీ బలం తగ్గడం గానీ ఉంటే వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు, నరాల డాక్టరు చూసేదాకా ఆడించవద్దు. అవి లేకపోతే కుర్చీలో కూర్చునే కోలలు తగిలించమనండి. మెడ తిప్పి ఉద్దిని వెతుక్కునే పని లేకుండా ఉద్దిని ఎదురుగానే కూర్చోబెట్టండి.