అటక మీది సామాను తీసేయాలా, ఉంచాలా?

కూకట్‌పల్లి కోడలు:
మాది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. అత్తయ్యగారి ఇత్తడి గంగాళం, కొలువు బొమ్మల పెట్టె, ఊరగాయ జాడీలు, నాకు పెట్టిన సారె సామాను అన్నీ అటక మీదే ఉన్నాయి. ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండకూడదని మినిమలిజం వీడియోల్లో చెప్తున్నారు. మా వారు అమ్మేద్దామంటున్నారు, అత్తయ్యగారు బాధపడుతున్నారు. ఏం చేయమంటారు?

బెంగళూరు బాబాయ్:
తీసేయండమ్మా. ఇత్తడికి కిలో లెక్కన మంచి ధరే వస్తుంది. ఇంట్లో ఫంక్షన్ అంటే టెంట్ హౌస్ వాళ్లు గుండిగలు, గరిటెలతో సహా పంపిస్తారు. లక్షలు పోసి కొన్న చోటు మనుషులు తిరగడానికి ఉండాలి.

టీచరమ్మ, విజయవాడ:
ఆ ఏడాది లెక్క మన ఇళ్లకు కుదరదు. మనవి చాలావరకు ఏడాదికోసారి దిగే వస్తువులే. కొలువు బొమ్మలు సంక్రాంతికో దసరాకో బయటికొస్తాయి. కొండపల్లి బొమ్మది పొణికి చెక్క, తేలిక. పాత నూలు చీర ముక్కలో చుట్టి తడి తగలకుండా పెడితే మనవల దాకా ఉంటుంది. అమ్మితే ఏమొస్తుంది? ఇక జాడీ అటక మీద ఎందుకుంది? ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లో పెడుతున్నారా? అంత ఉప్పూ నూనే పులుపూ ఏడాది పొడవునా ప్లాస్టిక్‌లో నానడం మంచిది కాదు. జాడీ దించి, ఆ డబ్బాలు తీసేయండి.

గంగాళం సంగతి వేరు. లోపలి తగరం పూత, అదే కళాయి, పోయిన ఇత్తడిలో పులుపు వండకూడదు, కళాయి వేసే మనిషి ఇప్పుడు సులువుగా దొరకడు. అది వాడకంలో లేదంటే ఒప్పుకుంటాను.

కానీ అసలు ఇల్లు నిండేది పాత సామానుతో కాదు. గృహప్రవేశం, సీమంతం, పుట్టినరోజు, ఎక్కడికెళ్లినా రిటర్న్ గిఫ్ట్ అని ఓ డబ్బా, ఓ ప్లేటు, ఓ కుంకుమ భరిణ. పూర్వం తాంబూలంలో ఆకు, వక్క, పండు ఇచ్చేవారు. మర్నాటికి దాచడానికి ఏమీ మిగిలేది కాదు. వచ్చేదాన్ని ఆపకుండా ఉన్నది అమ్మితే ఆర్నెల్లలో అటక మళ్లీ నిండుతుంది.

బెంగళూరు బాబాయ్:
రిటర్న్ గిఫ్ట్ ఇవ్వకపోతే పిసినారి అంటారు మేడమ్. ఆ టెన్షన్ పిల్లల తల్లిదండ్రులకే తెలుస్తుంది.

టీచరమ్మ, విజయవాడ:
మా మనవడి అన్నప్రాసన వేసవిలో వచ్చింది. తలా రెండు బంగినపల్లి పళ్లు చేతిలో పెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు.

కూకట్‌పల్లి కోడలు:
జాడీలు, బొమ్మలు ఉంచేస్తాను. పూత పోయిన నాన్‌స్టిక్ పెనాలు, మూతల్లేని డబ్బాలు ఈ ఆదివారమే బయటికి. మరి గంగాళం అమ్మేయనా?

టీచరమ్మ, విజయవాడ:
అది మీ అత్తగారిది కదా. ఇల్లు సర్దడం ప్రపంచానికి నేర్పిన జపాన్ ఆవిడ మేరీ కోండో కూడా ఇంట్లో మిగతావాళ్ల వస్తువులు వాళ్లకు చెప్పకుండా పారేయొద్దంటుంది. అమ్మాలో, ఊళ్లో గుడికి ఇవ్వాలో ఆవిడనే అడగండి. మీ వారు కాదు చెప్పాల్సింది.