అప్‌డేట్: ధర స్టిక్కర్లు మార్చేయడం ఎలా ఆపాలని అడిగాను కదా

మా షాపులో కొందరు కస్టమర్లు చవక వస్తువు ధర స్టిక్కరు పీకి ఖరీదైనదానికి అంటిస్తున్నారు, ఏం చేయాలని అడిగాను. మీరు చెప్పినవాటిలో బాగా పనికొచ్చింది ముందే చిన్న చిన్న కోతలు పెట్టి ఉండే లేబుల్. పీకితే ముక్కలవుతుంది, మళ్లీ అతకదు. కానీ అంటించే చోట దుమ్ము, నూనె, తేమ ఉంటే జిగురు పట్టక మొత్తంగా ఊడొచ్చేస్తుంది. ముందు పొడిగుడ్డతో తుడిచి, అంటించాక వేలితో గట్టిగా అదమాలి.

కంపెనీ బార్‌కోడ్ ఉన్న సరుకుకు ఇప్పుడు మన స్టిక్కరు అసలు వేయడం లేదు. దాని మీద ఇంకో కోడ్ కనిపించిందంటే అనుమానించాల్సిందే. క్యాషియర్ దాన్ని తీసి కింది కోడ్ స్కాన్ చేయాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం బిల్లింగ్ తెర. ధర ఒక్కటే కాదు, పేరు, సైజు పెద్దక్షరాల్లో కనపడాలి. బీప్ వస్తే చాలదు, ఆ పేరూ చేతిలో వస్తువూ ఒకటేనా చూడాలి. తూకం సరుకైతే లేబుల్‌లోని బరువును కౌంటర్ కాటాతో సరిచూడాలి.