ఆల్బియన్‌లో ఫోకస్ దేనికి పెట్టాలి: బార్లకా, కత్తులకా, వంటకా?

తుంగభద్ర గట్టు, కర్నూలు:

ఆల్బియన్ ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లు కాస్త తీర్పు చెప్పండి. నిన్న రాత్రి కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతూ మొదలుపెట్టిన గొడవ ఇంకా తెగలేదు.

2023 మార్చిలో ఆసియా సర్వర్ వచ్చినప్పటి నుంచి ముగ్గురం ఆడుతున్నాం. ఇద్దరు ఫోన్లో, నేను పాత ల్యాప్‌టాప్‌లో. ఇన్నాళ్లూ ఫ్రీగానే లాగించి, ఈ నెల మొదటిసారి ప్రీమియం సభ్యత్వం తీసుకున్నాను. ప్రీమియం ఉంటే రోజుకు 10,000 ఫోకస్ పాయింట్లు వస్తాయి. అవి ఖర్చుపెట్టి ఏదైనా తయారుచేస్తే, వాడిన సరుకులో ఎక్కువ వంతు తిరిగి చేతికొస్తుంది. 30,000కు మించి నిల్వ ఉండదు. మూడు రోజులు ఆటలోకి పోకపోతే ఆ తర్వాత రావాల్సిందంతా పోయినట్టే.

నా మనసు కత్తుల మీద ఉంది. బ్రాడ్‌స్వోర్డ్ ఒకటికి 16 బార్లు, 8 తోళ్లు పడతాయి. (బార్లంటే ఓర్‌ను, అంటే ముడి ఖనిజాన్ని, కరిగించి చేసే లోహం కడ్డీలు. ఫోన్లో "ఈరోజు వంద బార్లు" అంటుంటే మా అమ్మ తలుపు దగ్గర నిలబడి వినింది.) టైటానియం ఓర్ నేనే తవ్వుకుంటాను, ఇప్పటికే 3,000 బ్యాంకులో ఉంది. ఓర్ ఫ్రీ కాబట్టి తోలు ఖర్చు పోను మిగిలిందంతా లాభమే. మావాడేమో కత్తులు మానేసి బార్లు చేసి అమ్ముకోమంటాడు. ఎవరి మాట వినాలి?

ఆదోని దూది:

తమ్ముడూ, నువ్వు "ఫ్రీ" అన్న చోటే లెక్క తప్పింది.

మా నాన్న పత్తి లెక్క రాసేటప్పుడు విత్తనాలు, మందులు, కూలీలు అన్నీ రాస్తాడు. అమ్మ ఎండలో తీసిన పత్తికి మాత్రం కూలి రాయడు. "మన పనే కదా" అంటాడు. యార్డులో అమ్మి ఇంటికొచ్చాక మిగిలినట్టే కనిపిస్తుంది, అమ్మ కూలి వేస్తే మిగలదు. నీ 3,000 ఓర్ కూడా అంతే. దాన్ని ఉన్నదున్నట్టు మార్కెట్లో పెడితే ఇవాళే సిల్వర్ (ఆటలో డబ్బు) వస్తుంది. కత్తిలో పెట్టావంటే ఆ సిల్వర్‌ను కత్తిలో పెట్టినట్టు. కాబట్టి ఓర్ ధర మార్కెట్ ధరే, తవ్వింది ఎవరైనా సరే.

ఇక బార్ల సంగతి. మామూలుగా ఆటలో ఏ పెద్ద ఊళ్లో కరిగించినా సరుకులో 15.2 శాతం వెనక్కి వస్తుంది. ఓర్ కరిగించడానికి థెట్‌ఫర్డ్ అనే ఊరికి ప్రత్యేక బోనస్ ఉంది కాబట్టి అక్కడ 36.7 శాతం. అక్కడే ఫోకస్ కూడా పెడితే 53.9 శాతం. తిరిగొచ్చిన దాన్ని మళ్లీ మళ్లీ కరిగిస్తూ పోతే, వెయ్యి బార్ల సరుకుతో మొదటి లెక్కన 1,180, రెండో లెక్కన 1,580, మూడో లెక్కన 2,170 దాకా తీయొచ్చు. కత్తులకు లిమ్‌హర్స్ట్ అనే ఊళ్లో బోనస్ ఉన్నా, ఫోకస్ పెట్టాక 47.9 దగ్గర ఆగిపోతుంది. అందుకే మీవాడు చెప్పిందే రైటు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు:

శాతం ఎక్కువుంటే లాభం ఎక్కువని ఎవరు చెప్పారబ్బా? థెట్‌ఫర్డ్‌లో 53.9 వస్తుందని నీకొక్కడికే తెలుసా? అందరికీ తెలుసు కాబట్టే అందరూ అక్కడే కరిగిస్తారు. అందరి బార్లూ ఒకటే, నీ బారుకూ నా బారుకూ తేడా లేదు. నువ్వు ఒక సిల్వర్ తగ్గిస్తే నేను రెండు తగ్గిస్తాను. చివరికి ఇద్దరం ఓర్ ధరకు అమ్ముకుంటాం.

మా ఊళ్లో బంగారం బజారు చూడు. బంగారం రేటు ఏ అంగట్లో అడిగినా ఒకటే. మజూరి, తరుగు దగ్గరే వ్యాపారం. చెయ్యి తిరిగిన ఆచారి దగ్గరికి జనం వెతుక్కుంటూ వస్తారు. ఆటలోనూ కత్తి, గొడ్డలి, విల్లు, కర్ర అంటూ ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టు. ఈ వారం ఎవరూ పట్టించుకోని ఆయుధం వచ్చే అప్‌డేట్‌లో కొంచెం బలపడితే చాలు, ముందే చేసి పెట్టుకున్నవాడి పంట పండినట్టే. పైగా కెర్లియాన్ ఊళ్లో బ్లాక్ మార్కెట్ ఉంది. రాక్షసుల్ని చంపితే పడే సామాన్లు ఆట ఊరికే పుట్టించదు. మనలాంటి వాళ్లు చేసిన వాటినే అక్కడ కొని పంచుతుంది. బార్లు ఆ అంగడిలో ఎవడు కొంటాడు?

ఇంకోటి. నువ్వు చేసిన కత్తి మీద నీ పేరుంటుంది. బారు మీద ఉండదు.

తుంగభద్ర గట్టు:

అన్నా, కెర్లియాన్ పేరు ఎత్తొద్దు. మొన్న పన్నెండు కత్తులు ఎద్దు మీద వేసుకుని బయలుదేరాను. చుట్టూ ఎర్ర జోన్లే కదా, చస్తే మొత్తం దోచుకుంటారు. నలుగురు వచ్చారు. కత్తులు పోయాయి, నడిచి వెనక్కొచ్చాను.

బేతంచెర్ల బండ:

ఈ ఆట రాసినవాళ్లకు ఒక దండం. మా ఊళ్లో బండలు తీసేది ఇక్కడే, పాలిష్ పట్టేదీ ఇక్కడే. వీళ్లేమో ఓర్‌ను ఫోర్ట్ స్టెర్లింగ్ వైపు కొండల్లో పెట్టి, కరిగించే బోనస్‌ను థెట్‌ఫర్డ్ బురదలో పెట్టారు. ఎద్దును తోలడమే నా ఉద్యోగం అయిపోయింది. కాకపోతే ఆ దారిలో నీలం, పసుపు జోన్లే కాబట్టి సరుకు పోదు. నాది బద్ధకం, ఓ చేత్తో తోలుతూ ఇంకో చేత్తో అన్నం తింటాను.

అనంత బుడ్డలు:

మీరంతా లోహం మీద కొట్టుకుంటున్నారు గానీ, వంట సంగతి ఎవరూ ఎత్తరేం? కత్తి ఒకసారి కొంటే వారాల తరబడి వాడతారు. ఆమ్లెట్ తింటే దాని బలం అరగంటే. మళ్లీ తినాలి. గెలిచినా ఓడినా తినాల్సిందే, కాబట్టి గిరాకీ ఎప్పటికీ ఉంటుంది. ఒక్కసారి వండితే పది వస్తాయి.

నేను కాలేజీ బస్సులో, ఫోన్లో ఇదే చేస్తాను. ఆటలో నా సొంత దీవిలో విత్తితే 22 గంటలకు కోతకొస్తుంది. రోజుకు పదిహేను నిమిషాల పని. ఎద్దు లేదు, దొంగలు లేరు. ఒక్క చిక్కుంది: పైరుకు నీళ్లు పెట్టినా ఫోకస్ ఖర్చవుతుంది. అనంతపురంలో పుట్టి ఆటలో కూడా నీళ్ల కోసం లెక్కలు వేయాల్సి వచ్చింది, రాత.

ఆదోని దూది:

అక్కా, వంటకు వంక పెట్టను. రోజుకు పావుగంటే ఉన్నవాళ్లకు అదే మంచిది. తమ్ముడికి గంటలున్నాయి, 3,000 ఓర్ ఉంది. ఆ మాట మీదే చెప్తున్నాను.

పెన్నా అన్న అడిగినదానికి జవాబు. శాతం చూసి లాభం అనకూడదన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. చూడాల్సింది ఒక్క ఫోకస్ పాయింటుకు ఎన్ని సిల్వర్ వచ్చాయన్నది. అందులోనూ చాలామంది ఒక తప్పు చేస్తారు. ధరలు ఊరికే అనుకుందాం, మీ మార్కెట్లో వేరే ఉంటాయి.

ఐదో టైర్ (స్థాయి) బారుకు మూడు టైటానియం ఓర్, కింది టైర్ స్టీల్ బారు ఒకటి కావాలి. ఓర్ 100, స్టీల్ 200 అనుకుంటే సరుకు 500. తయారైన బారు 400కు అమ్మకానికి పెడితే, ప్రీమియం ఉన్నవాళ్లకు పన్ను 4 శాతం, ఆర్డర్ పెట్టినందుకు 2.5 శాతం పోను 374 చేతికొస్తుంది. 500 సరుకు పెట్టి 374 ఏంటని భయపడొద్దు, తిరిగొచ్చే వంతు తీసేయాలి. బోనస్ లేని ఊళ్లో అసలు ఖర్చు 424, అంటే బారుకు 50 నష్టం. థెట్‌ఫర్డ్‌లో ఫోకస్ లేకుండా 316న్నర, లాభం 57న్నర. ఫోకస్ పెడితే ఖర్చు 230న్నర, లాభం 143న్నర. కరిగించే అంగడి ఫీజు కలపలేదు.

ఇప్పుడు ఫోకస్ వల్ల వచ్చిందెంత? 143న్నర అంటారు అందరూ. కాదు. 57న్నర ఫోకస్ లేకపోయినా వచ్చేదే. ఫోకస్ సంపాదించింది 86 మాత్రమే. ఆ 86ను బారుకు పడిన ఫోకస్‌తో భాగించు. కత్తికీ ఇదే లెక్క వెయ్యి, వంటకీ వెయ్యి. ఏది ఎక్కువొస్తే ఫోకస్ దానికి. ఒకే పనిలో స్పెషలైజేషన్ (ఆ పనిలో అనుభవం) పెరిగే కొద్దీ ఆ పనికి ఫోకస్ ఖర్చు తగ్గుతుంది కాబట్టి, వారానికో పని మార్చేవాడు అన్నిట్లోనూ నష్టపోతాడు.

పెన్నా ఒడ్డు:

ఈ లెక్కలు వేసుకోవడానికైతే ఆట ఎందుకు, సాయంత్రం ఏదన్నా అంగట్లో పద్దులు రాస్తే నిజం డబ్బులొస్తాయి. నాకు కత్తి చేస్తే సంతోషం. ఎక్సలెంట్ క్వాలిటీ పడినప్పుడు గుండె దడదడ కొట్టుకుంటుంది. బారు కరిగిస్తే ఆవలింత వస్తుంది.

ఆదోని దూది:

సంతోషం కోసమైతే నేను అడ్డం రాను అన్నా. తమ్ముడు అడిగింది సంతోషం గురించి కాదు, "మిగిలిందంతా లాభమే కదా" అని. దానికే చెప్పాను.

తుంగభద్ర గట్టు:

రాత్రి కూర్చుని మూడింటికీ లెక్క వేశాను. నా స్పెషలైజేషన్‌తో, మా సర్వర్ ధరలతో బార్లే ముందున్నాయి. కత్తి పెద్ద వెనకేం లేదు, వంటకు మాత్రం నా దీవి సరిపోదు. అసలు షాక్ వేరే. నా "ఫ్రీ" ఓర్‌తో ఇదివరకు చేసి అమ్మిన కత్తుల్లో సగానికి పైగా, ఓర్‌ను ఉన్నదున్నట్టు అమ్ముకున్నా అంతకంటే ఎక్కువ వచ్చేది. రెండు నెలలు ఆనందంగా నష్టపోయానన్నమాట.

ఈ నెల ఫోకస్ అంతా థెట్‌ఫర్డ్‌లో పెడతాను. కత్తులు మానను. లిమ్‌హర్స్ట్‌లో ఫోకస్ లేకుండా వారానికి నాలుగైదు చేస్తాను, ఆ ఊరి బోనస్‌తో ఎలాగూ 24.8 శాతం సరుకు వెనక్కి వస్తుంది. ఏం చేయాలి, ఫోకస్ దేనికి పెట్టాలి అన్న రెండింటినీ నేనే ముడేసుకున్నాను. ఫోకస్ లేకపోతే కత్తి చేయకూడదని ఎవరూ చెప్పలేదు కదా.

పెన్నా ఒడ్డు:

అట్ల దారికి రా. మొదటి కత్తి నాకే అమ్ము, నీ పేరు చూసి కొంటాను.

తుంగభద్ర గట్టు:

చేశానన్నా ఇప్పుడే. నార్మల్ క్వాలిటీ పడింది. కావాలా?

పెన్నా ఒడ్డు:

తోలు ధర ఇస్తా.