ఊరికే సోడియం పడిపోతోంది, థైరాయిడ్ నార్మల్ అంటున్నారు. హార్మోన్ల జబ్బు ఆలస్యంగా తేలినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కృష్ణలంక_అబ్బాయి:
అమ్మకి 56 ఏళ్లు. ఎండాకాలం వస్తే చాలు వాంతులు, మగత, ఒక్కోసారి మమ్మల్నే పోల్చుకోలేదు. ఆసుపత్రిలో చూస్తే సోడియం 118, 120 ఉంటోంది. సెలైన్ పెట్టగానే లేచి కూర్చుంటుంది. "బెజవాడ ఎండలు కదమ్మా, వడదెబ్బ" అని ఇంటికి పంపేస్తారు. ఈసారి నవంబర్‌లో పడిపోయింది. నవంబర్‌లో వడదెబ్బేంటండీ? షుగర్ లేదు, బీపీ ఎప్పుడు చూసినా 90/60, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 3.1, నార్మలే. తలకి సీటీ తీసి ఏం లేదన్నారు. ఒకాయనైతే మనోవ్యాధి అన్నారు. ఇంక ఏం పరీక్షలు చేయించాలి?

పటమట_టీచరు:
బాబూ, ఒక మాట అడుగుతాను, మొహమాటపడకు. నీ కాన్పులోగానీ నీ తర్వాత కాన్పులోగానీ అమ్మకి రక్తం బాగా పోయిందా? పాలు పడ్డాయా? ఆ తర్వాత నెలసరి వచ్చిందా? ఇవి మగపిల్లలకి తెలియవు, ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా అడుగు.

ఎందుకంటే మా అక్కది ఇదే కథ. గర్భంతో ఉన్నప్పుడు మెదడు కింద ఉండే పీయూష గ్రంథి పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడు రక్తస్రావమై బీపీ పడిపోతే ఆ గ్రంథిలో చాలా భాగం చచ్చిపోతుంది. 1937లో షీహాన్ అనే డాక్టరు దీని గురించి రాశాడు కాబట్టి షీహాన్ సిండ్రోమ్ అంటారు. గొడవేంటంటే ఇది కాన్పు అయిన వెంటనే బయటపడాలని లేదు. కొంచెం మిగిలిన గ్రంథితో ఏళ్లకేళ్లు నెట్టుకొస్తారు. నీరసం, చలి, చంకల్లో వెంట్రుకలు రాలడం, చర్మం పాలిపోవడం, అన్నిటికీ "రక్తం తక్కువ" అని ఐరన్ మాత్రలు. మా అక్కకి ఇరవై ఏళ్లకు పైగా అవే మింగించారు.

కృష్ణలంక_అబ్బాయి:
టీచర్‌గారూ, పెద్దమ్మకి ఫోన్ చేశాను. చెల్లి ఇంట్లోనే పుట్టిందట, మంత్రసాని చేతుల మీద. మాయ పడక రక్తం పోయి స్పృహ తప్పితే లంక నుంచి పడవలో తీసుకొచ్చారట. చెల్లి డబ్బా పాలతోనే పెరిగింది. ఆ తర్వాత అమ్మకి నెలసరే రాలేదు. "పీడా పోయింది" అనుకున్నారట అందరూ. ఈ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, మేమూ చెప్పలేదు, మాకు తెలిస్తేగా.

ల్యాబ్_బాబాయ్:
గవర్నరుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చాలాకాలం నుంచి ఉన్నాను. డాక్టర్ని కాదు, శాంపిల్ సంగతి మాత్రం చెబుతాను.

టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందనడం ఇలాంటివాళ్ల దగ్గర చెల్లదు. టీఎస్‌హెచ్ అంటే పైనున్న మేస్త్రీ, అదే పీయూష గ్రంథి, థైరాయిడ్‌ని పని చేయమని పెట్టే కేక. మేస్త్రీకే జబ్బు చేస్తే కింద పని ఆగిపోయినా కేక పెరగదు. అందుకే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్, ఫ్రీ టీ4 కూడా చేయాలి. టీ4 తక్కువగా ఉండి టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే అది నార్మల్ కాదు.

రెండోది కార్టిసాల్, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్. ఉదయం 8 గంటలకే ఇవ్వాలి. రోజంతా పగటిపూట తగ్గుతూ పోయే హార్మోన్ అది. సాయంత్రం తీసి "తక్కువ ఉంది" అని భయపెట్టే రిపోర్టులు రోజూ చూస్తుంటాను. ఉదయం డెసిలీటరుకి 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే దాదాపు తేలినట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్‌కి పీయూష గ్రంథి పెట్టే కేక) ఇంజక్షన్ ఇచ్చి మళ్లీ చూస్తారు. రక్తంలో ఏసీటీహెచ్ కొలవమని రాస్తే మాత్రం శాంపిల్ ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కి చేరాలి. ఇంటికొచ్చి తీసుకెళ్లే కుర్రాడు బండి డిక్కీలో వేసుకుని ఊరంతా తిరిగితే ఆ నంబర్‌కి విలువ లేదు.

ఇంకోటి, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపండి. కొన్ని మెషిన్లలో థైరాయిడ్ రిపోర్టు తలకిందులవుతుంది.

బ్రాడీపేట_నాలుగోలైను:
గుంటూరు నుంచి. మా వారిది అడ్రినల్ గ్రంథులే పాడయ్యే రకం, అడిసన్స్. ఆయన మార్కెటింగ్ ఉద్యోగం, ఎండన పడి తిరుగుతారు కాబట్టి నల్లబడ్డారనుకున్నాం. కానీ ఎండ తగలని చోట కూడా నలుపే: చిగుళ్లు, అరచేతి గీతలు, పాత ఆపరేషన్ మచ్చ. మజ్జిగలో ఉప్పు గుప్పిళ్లతో వేసుకునేవారు, ఊరగాయ రసం ఉత్తిగా తాగేవారు. "గుంటూరోళ్లకి కారం, మీకు ఉప్పు" అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ వచ్చింది.

ఆయనకి కాలేజీ రోజుల్లో టీబీ వచ్చి తగ్గింది. మన దేశంలో ఈ జబ్బుకి టీబీ ముఖ్యమైన కారణమట. స్కాన్‌లో రెండు అడ్రినల్ గ్రంథులూ దెబ్బతిని కనిపించాయి. ఎవరికైనా టీబీ మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే కళ్లు తిరిగి పడిపోతుంటే డాక్టర్‌కి చెప్పండి. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ ఒంట్లో కార్టిసాల్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది, అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు కుప్పకూలతారు.

అబ్బాయ్, మీ అమ్మగారు పాలిపోయి ఉన్నారా, నల్లబడ్డారా? పాలిపోతే పీయూష గ్రంథి వైపు, నల్లబడితే అడ్రినల్ వైపు అని మా డాక్టర్‌గారు చెప్పారు.

కృష్ణలంక_అబ్బాయి:
పాలిపోయిందండీ. "మీ అమ్మ ఎంత తెల్లగా ఉంటుందో" అని చుట్టాలు మెచ్చుకుంటారు.

సత్తెనపల్లి_మిర్చి:
కాన్పులే కాదు. మా బాబాయిని చేలో రక్తపింజర కాటేసింది. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. కొన్ని నెలలకి గడ్డం పెరగడం మానేసింది, మంచం దిగలేడు, మాట నెమ్మదించింది. ఊళ్లో అందరూ విషం ఇంకా ఒంట్లో ఉందని పసరు తాగించారు. ఆ పాము విషం రక్తాన్ని సన్న నాళాల్లో గడ్డకట్టిస్తుంది, రక్తస్రావమూ చేయిస్తుంది, దాంతో పీయూష గ్రంథి దెబ్బతింటుందని తర్వాత తెలిసింది. కార్టిసాల్, థైరాయిడ్, టెస్టోస్టిరాన్ మూడూ తక్కువే. పల్నాడు వైపు పొలం పనులకి పోయే ఇళ్లలో ఈ ముక్క తెలిసుండాలి. డిశ్చార్జి కాగితం పారేయకండి.

పుల్లారెడ్డి_కాదు:
ఇలా చదివితే నీరసంగా ఉన్న ప్రతివాడూ రేపు పొద్దున్నే కార్టిసాల్‌కి క్యూ కడతాడు. ల్యాబ్‌లు బాగుపడతాయి. నిద్ర, తిండి సరిగ్గా లేక నీరసపడేవాళ్లే ఎక్కువ.

ల్యాబ్_బాబాయ్:
మీరన్నది నిజమే సార్. "అడ్రినల్ ఫెటీగ్" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు, అలాంటి జబ్బేదీ లేదు. కానీ సోడియం 118 అనేది నీరసం కాదుగా.

తెనాలి_కోడలు:
మా అత్తయ్యది ఇంకో చిత్రం. మోకాళ్ల నొప్పులకి ఎవరో పొట్లాల మందు ఇస్తే అమృతంలా పనిచేసింది. ఏడాదిలో ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి, ఊరికే చర్మం కమిలేది. షుగర్, బీపీ రెండూ వచ్చిపడ్డాయి. చూస్తే అచ్చం కార్టిసాల్ ఎక్కువైన కుషింగ్ మనిషి, రక్తంలో చూస్తే కార్టిసాల్ దాదాపు లేదు! పొట్లంలో స్టెరాయిడ్ ఉందన్నమాట. ఆ పరీక్ష దాన్ని పట్టదు, పైగా బయట నుంచి అంత పడుతుంటే సొంత గ్రంథి నిద్రపోతుంది. పొట్లం గురించి డాక్టర్‌కి చెప్పమంటే అత్తయ్యకి సిగ్గు, "ఆయుర్వేదమేగా" అంటుంది. దయచేసి ఉన్నట్టుండి ఆపించకండి, ప్రాణం మీదకొస్తుంది. మెల్లగా తగ్గించాలి. చర్మం తెల్లబడ్డానికి నెలల తరబడి పూసే స్టెరాయిడ్ క్రీములతో కూడా ఇలా అయ్యే అవకాశం ఉందట.

ఆటోనగర్_మెకానిక్:
మా అన్నకి చెప్పుల సైజు పెరిగింది, పెళ్లి ఉంగరం ఎక్కదు, పళ్ల మధ్య సందులు. లావయ్యాడనుకున్నాం. పళ్ల డాక్టరు పట్టింది: అక్రోమెగలీ, అంటే పీయూష గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువవడం. దాన్ని పట్టే ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష చేసి, ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. పాత పెళ్లి ఆల్బమ్ డాక్టర్ దగ్గరకి పట్టుకెళ్లడం చాలా పనికొచ్చింది.

కృష్ణలంక_అబ్బాయి:
రిపోర్టులు వచ్చాయి. కార్టిసాల్ 1.8, ఫ్రీ టీ4 బాగా తక్కువ, పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ కూడా తక్కువే. ఎంఆర్‌ఐలో గ్రంథి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. షీహానే అన్నారు. బోర్డు మీద "షుగర్, థైరాయిడ్" అని ఉన్నచోటికల్లా వెళ్లకుండా ఎండోక్రినాలజీలో (హార్మోన్ల జబ్బుల్లో) డీఎం అనే స్పెషలిస్టు చదువు చదివినవాళ్లని వెతికాను, సూర్యారావుపేటలోనే దొరికారు. కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్ర ముందు మొదలుపెట్టి, థైరాయిడ్ మాత్ర తర్వాత ఇస్తామన్నారు. అదెందుకో అడగడం మర్చిపోయాను.

పటమట_టీచరు:
ఆ వరస చాలా ముఖ్యం నాయనా. కార్టిసాల్ లేని ఒంటికి థైరాయిడ్ ముందు ఇస్తే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయి షాక్‌లోకి వెళ్తారు. అక్కకి ఒకచోట థైరాయిడ్ మాత్ర ముందు రాస్తే వారం తిరక్కుండా ఐసీయూలో చేర్చాం.

బ్రాడీపేట_నాలుగోలైను:
జ్వరం వస్తే మాత్ర డోసు రెట్టింపు చేయాలి, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంట్లో కూర్చోకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్‌కి పరిగెత్తాలి. పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ అన్నా ముందే చెప్పాలి. మా వారి పర్సులో "స్టెరాయిడ్ మీద ఉన్నాను, ఆపకూడదు" అని చీటీ ఉంటుంది. ఈ మాత్రలు అన్ని మెడికల్ షాపుల్లో దొరకవు, నెల ముందే ఆర్డర్ పెట్టుకోండి. తిరుపతి వెళ్లినా సరే చేతిసంచిలోనే, లగేజీలో కాదు.

మంగళగిరి_మగ్గం:
ఆలస్యంగా చూశాను. నాకు 29, బీపీ 170/110, మూడు మందులు వాడుతున్నా తగ్గట్లేదు. పొటాషియం 2.9. కాళ్లు పట్టేస్తుంటాయి. మగ్గం గుంటలో కూర్చునే పని వల్ల అంటున్నారు. ఇదీ హార్మోనేనా?

ల్యాబ్_బాబాయ్:
ఆ వయసులో అంత బీపీ, పొటాషియం తక్కువ అంటే ఒంట్లో ఉప్పుని, బీపీని నడిపే ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ కలిపి చూడమని ఎండోక్రినాలజిస్టుని అడగండి. ముందు పొటాషియం సరిచేశాకే శాంపిల్ ఇవ్వాలి, లేకపోతే తప్పు చూపిస్తుంది. కొన్ని బీపీ మందులు కూడా ఈ పరీక్షని పాడుచేస్తాయి, అయితే సొంతంగా ఏదీ ఆపకండి. ఏవేం వాడుతున్నారో అట్టలతో సహా పట్టుకెళ్లండి. మీకు మంగళగిరి ఎయిమ్స్ పక్కనే కదా, ఓపీ చీటీకి పొద్దున్నే వెళ్లండి.