అప్‌డేట్: కీబోర్డ్ రికార్డింగ్‌లో గరగర పోయింది

నా మ్యూజిక్ కీబోర్డ్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి లాప్‌టాప్ మైక్ జాక్‌కి వైరు పెడితే పగిలిన సౌండ్ వస్తోందని పోయిన వారం అడిగాను కదా, తేలింది. మైక్ జాక్ అతి చిన్న సిగ్నల్ కోసమట; అందులోకి నేను వరద వదిలాను.

కొందరు చెప్పినట్టు యూఎస్‌బీ కేబుల్ కూడా పెట్టి చూశాను. ఆడాసిటీలో (లాప్‌టాప్‌లో రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) గీత కదల్లేదు! నా కీబోర్డ్‌లో అటు వెళ్లేది మిడి మాత్రమే: ఏ మీట, ఎంత గట్టిగా నొక్కామన్న సమాచారం. శబ్దం కాదు.

చివరికి ఫ్రెండ్ దగ్గర రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యాల సౌండ్‌ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) తెచ్చి, ఎడమ, కుడి అవుట్‌లకు రెండు పావు అంగుళం కేబుళ్లు పెట్టాను. సౌండ్ పగలకుండా రికార్డింగ్ లెవెల్ మైనస్ 6 డీబీ (డెసిబెల్) దాటనివ్వలేదు. స్టీరియో శుభ్రంగా వచ్చింది. ఇంకా సన్నగా 'జుయ్‌' మంటుంటే విసుగొచ్చి లాప్‌టాప్ ఛార్జర్ పీకేశాను. అదీ ఆగిపోయింది. ఇప్పుడు బ్యాటరీ మీదే వాయిస్తున్నాను.