రైజర్‌లో స్లగ్గింగ్: చోక్ బిగించడం తప్ప వేరే దారి లేదా?

సముద్రపుగాలి: మాది పశ్చిమ తీరంలో పాత ఆయిల్ ప్లాట్‌ఫామ్. బావుల్లో ఒత్తిడి తగ్గినప్పటి నుంచి సముద్రం అడుగు నుంచి రైజర్ (ప్లాట్‌ఫామ్ పైకి ఎక్కే నిలువు పైపు) మీదుగా వచ్చే ఒక లైన్‌తో టెన్షనే. చాలాసేపు సెపరేటర్‌లోకి (ఆయిల్, నీళ్లు, గ్యాస్ విడదీసే పాత్ర) ఏమీ రాదు. తర్వాత ఒక్కసారిగా ఆయిలూ నీళ్లూ ముంచెత్తుతాయి, వెనకాలే గ్యాస్. ఇదే స్లగ్గింగ్. లెవెల్ అలారం మోగుతుంది, ఫ్లేర్ భగ్గుమంటుంది, ఒక్కోసారి ట్రిప్ అయి అంతా ఆగిపోతుంది. చోక్ (రైజర్ పైన ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వ్) బిగిస్తే సద్దుమణుగుతోంది కానీ, ఉత్పత్తి పడిపోతోందని ఒడ్డు నుంచి ఫోన్లు. ఎవరైనా దీన్ని దారికి తెచ్చారా?

గోదారోడు: అన్నా, లైన్ రైజర్ దగ్గరికొచ్చేసరికి పల్లానికి దిగుతోందా?

సముద్రపుగాలి: అవును, చివర్లో కాస్త వాలు.

గోదారోడు: అయితే అదే. ప్రవాహం తగ్గితే ద్రవం అడుగు వంపులో చేరి గ్యాస్‌కి దారి మూసేస్తుంది. రైజర్ నిండుతుంటే వెనక ఒత్తిడి పెరుగుతుంది. లోతు 70, 80 మీటర్లే అనుకున్నా, నీళ్లతో నిండిన రైజర్ బరువు 7, 8 బార్. గ్యాస్ దాన్ని నెట్టగలిగిన క్షణాన అంతా పైకి కక్కేస్తుంది. మిగిలింది కిందికి జారి మళ్లీ మొదలు. ప్రెజర్ ట్రెండ్ చూడు, రంపం పళ్లలా మెల్లగా ఎక్కి నిట్టనిలువునా పడుతుంది.

కోనసీమ_ప్రాసెస్: స్లగ్ క్యాచర్ (ఒక్కసారిగా వచ్చే ద్రవాన్ని పట్టే పెద్ద పాత్ర) ఒడ్డున కట్టుకోవచ్చు, ప్లాట్‌ఫామ్ మీద చోటేదీ? రైజర్ అడుగున గ్యాస్ లిఫ్ట్ (గ్యాస్ ఎక్కించి ద్రవాన్ని తేలిక చేయడం) పనిచేస్తుంది గానీ గ్యాస్ బాగా కావాలి, కంప్రెసర్ మీద భారం.

స్టావంగర్_తెలుగు: చోక్‌ని చేత్తో బిగించి వదిలేయకండి. అడుగు ప్రెజర్ పెరుగుతుంటే తెరిచి, తగ్గుతుంటే మూసే కంట్రోలర్ పెట్టండి. అప్పుడు చేత్తో నిలబెట్టలేనంత ఎక్కువ తెరిచి కూడా స్థిరంగా నడపొచ్చు. సగటు ఒత్తిడి తగ్గుతుంది, బావులు ఎక్కువ ఇస్తాయి. ఉత్తర సముద్రంలో డన్‌బార్ ఆయిల్ ఫీల్డ్ నుంచి ఆల్విన్ ప్లాట్‌ఫామ్‌కి వెళ్లే 16 అంగుళాల లైన్‌లో 1990లలోనే ఇలాంటి కంట్రోల్ వాడారు.

ఇన్‌స్ట్రుమెంట్_బాబాయ్: సముద్రం అడుగున ప్రెజర్ కొలిచే ట్రాన్స్‌మిటర్ లేనివాళ్ల సంగతేంటి బాబూ? చోక్ ముందరి ప్రెజర్‌తో కంట్రోల్ లూప్ కట్టి చూశాం, అసలు కుదరలేదు.

స్టావంగర్_తెలుగు: అది ఒక్కటే అయితే కుదరదండీ. చోక్ కదపగానే ఆ ప్రెజర్ ముందు తిరగబడ్డ దిశలో పోయి తర్వాత దారికొస్తుంది, కంట్రోలర్ తికమకపడుతుంది. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో కంట్రోల్ ప్రొఫెసర్ సిగర్డ్ స్కోగెస్టాడ్ బృందం దీన్ని వివరంగా చూపించింది. చోక్‌లో ఫ్లో కొలిచి లోపలి లూప్‌గా పెడితే కొంత నయం. లేదా లైన్ మొదట్లో, వెల్‌హెడ్ ప్లాట్‌ఫామ్ మీదున్న ప్రెజర్ వాడండి. లైన్ మరీ పొడవైతే మాత్రం ఆలస్యం తప్పదు.

ఇన్‌స్ట్రుమెంట్_బాబాయ్: ముందు ఆ చోక్ ఏ రకమో చూడు నాయనా. మెట్టుమెట్టుగా కదిలే యాక్చుయేటర్ అయితే కంట్రోలర్ ఎంత గొప్పదైనా వాల్వ్ అందుకోలేదు. ఇసుక వచ్చే లైన్ అయితే ట్రిమ్ (వాల్వ్ లోపలి భాగాలు) కూడా అరిగిపోయి ఉంటుంది.

సముద్రపుగాలి: మెట్టు రకమే బాబాయ్! వెల్‌హెడ్ ప్రెజర్ టెలిమెట్రీలో వస్తోంది. ఎన్ని సెకన్లకోసారి మారుతుందో చూసి చెప్తాను.

గోదారోడు: వచ్చేటప్పుడు ట్రెండ్ కూడా పెట్టన్నా. అలారం లిస్టు పెట్టకు, దాంట్లో ఏమీ తెలీదు.